పిల్లాపాపలతో పరదేశ పరిచర్య: మిషనరీ కుటుంబాలకు మార్గదర్శి

కరువో వరదో యుద్ధమో తరచూ పీడించే పేద దేశానికి కుటుంబసమేతంగా మిషనరీ సేవకు వెళ్లేవారు ఒకేసారి రెండు బరువులు తలకెత్తుకుంటారు. కొత్త భాష, కొత్త నీరు, కొత్త మనుషుల మధ్య తమ ఇంటిని నిలబెట్టుకోవడం వాటిలో ఒకటి. తమకంటే ఎన్నో రెట్లు కష్టంలో ఉన్నవారికి తిండి, నీరు, మందు, గూడు అందేలా చూడడం మరొకటి. ఒకటి కుంటుపడితే రెండోది కూడా కుంటుపడుతుంది. తన ఇంటివారిని ఏలనేరనివాడు దేవుని సంఘాన్ని ఎలా పాలించగలడని పౌలు తిమోతిని అడిగిన ప్రశ్న సహాయక పరిచర్యకూ వర్తిస్తుంది. ఈ రెండు పనులకూ మూలసూత్రం ఒక్కటేనని నా నమ్మకం: నిలబెట్టుకోగలిగినంతవరకే మాట ఇవ్వాలి, ఇచ్చిన మాట తప్పకూడదు. ఆ మాట ఇంట్లో బిడ్డకు ఇచ్చినదైనా, వరుసలో నిలబడ్డ తల్లికి ఇచ్చినదైనా, కానుకలు పంపుతున్న సంఘానికి ఇచ్చినదైనా సరే.

బయలుదేరకముందు

భార్యాభర్తలిద్దరూ ఒకే మనసుతో ఒప్పుకునే వరకు ప్రయాణం తేదీ పెట్టుకోకండి. 1793లో విలియం కేరీ ఇంగ్లండు నుండి బెంగాలుకు బయలుదేరినప్పుడు ఆయన భార్య డొరతీ మొదట రానన్నారు. పదేపదే అడిగిన మీదట చివరి రోజుల్లో ఒప్పుకున్నారు. మరుసటి ఏడాదే వారి ఐదేళ్ల కొడుకు పీటర్ రక్తవిరేచనాలతో చనిపోయాడు. ఆ తర్వాత డొరతీ మనసు చెదిరింది, 1807లో కన్నుమూసే వరకు ఆమె కోలుకోలేదు. కేరీ చేసిన బైబిలు అనువాదాలను, శ్రీరాంపూరులో నెలకొల్పిన కళాశాలను కృతజ్ఞతతో తలచుకునే మనం ఆ తల్లి పడిన వేదనను కూడా తలచుకోవాలి. అందుకే పంపే సంఘం పెద్దలు భర్తతోను, భార్యతోను విడివిడిగా కూర్చుని మాట్లాడాలని, ఊహ తెలిసిన పిల్లల అభిప్రాయాన్ని కూడా అడగాలని నేను గట్టిగా కోరుతాను. ‘ఇప్పుడు వద్దు’ అనే మాట ఎవరి నోట వచ్చినా దానిని అవిశ్వాసంగా లెక్కకట్టకూడదు.

తర్వాత కాగితాల పని. మీరు చేయబోయే పనికి ఏ వీసా కావాలో, మీ సంస్థ అక్కడ నమోదై ఉందో లేదో, వైద్యులైతే ఆ దేశంలో వైద్యం చేయడానికి అనుమతి ఉందో లేదో ముందే తేల్చుకోండి. పర్యాటక వీసా మీద వెళ్లి పరిచర్య చేయడాన్ని కొందరు విశ్వాససాహసంగా చెప్పుకుంటారు. పట్టుబడిన రోజున విదేశీయుణ్ణి విమానం ఎక్కించి పంపేస్తారు, ఆయనతో కలిసి పనిచేసిన స్థానిక విశ్వాసులు మాత్రం అక్కడే ఉండి పోలీసులకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ఆ భారాన్ని వారి నెత్తిన పెట్టే హక్కు మనకు లేదు.

టీకాల కోసం ప్రయాణానికి కనీసం ఆరు నుండి ఎనిమిది వారాల ముందే వైద్యుణ్ణి కలవండి. ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం, టీకా వేయించుకున్న పదో రోజు నుండే చెల్లుతుంది కాబట్టి ఆఖరి వారంలో హడావిడి పడితే సరిహద్దు దగ్గరే ఆగిపోతారు. మలేరియా నివారణ మందును పిల్లల వయసు, బరువు చూసి వైద్యుడే నిర్ణయించాలి. పెద్దలకు ఇచ్చే డాక్సీసైక్లిన్‌ను సాధారణంగా ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు నివారణ మందుగా ఇవ్వరు.

ఇంకొక నిర్ణయం కూడా బయలుదేరకముందే రాతపూర్వకంగా జరగాలి. ఏ పరిస్థితి వస్తే పిల్లలను, వారితో ఒకరిని వెంటనే పంపించేయాలి, ఏ పరిస్థితి వస్తే కుటుంబమంతా కదలాలి, ఆ మాట ఎవరు చెప్పాలి అన్నది సంఘమూ, సంస్థా, దంపతులూ కలిసి తేల్చుకోవాలి. తుపాకుల చప్పుడు వినిపిస్తుండగా, లేదా ఊళ్లో కలరా మొదలైన రాత్రి, ‘ఉండాలా, వెళ్లాలా’ అని భార్యాభర్తలు వాదించుకునే పరిస్థితి రాకూడదు. పాస్‌పోర్టులు, టీకా పత్రాలు, కొంత నగదు, మూడు రోజుల మందులు ఒకే సంచిలో, ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి.

ఇంటిని నిలబెట్టుకోవడం

చేరిన మొదటి ఏడాదిని ప్రధానంగా భాష నేర్చుకోవడానికి కేటాయించుకునే మిషనరీలే తర్వాత ఎక్కువ కాలం నిలుస్తారు. ఆ ఏడాది సంఘానికి పంపే నివేదికలో చెప్పుకోదగ్గ విజయాలు ఉండవు. ఆ సంగతి పంపేవారికి ముందే చెప్పి ఒప్పించండి. భాష నేర్చుకునే అవకాశం ఇద్దరికీ సమానంగా ఉండాలి. భర్త తరగతికి వెళ్లి, భార్య పిల్లలతో ఇంట్లో చిక్కుకుపోతే ఏడాది తిరిగేసరికి ఆమెకు ఊళ్లో ఒక్క స్నేహితురాలు కూడా ఉండదు. పిల్లలను చూసుకునే పనిని పూటల వారీగా పంచుకోండి.

ఇంటి ఆరోగ్యం మూడు అలవాట్ల మీద ఆధారపడి ఉంటుంది. తాగే నీటిని బాగా తెర్లనిచ్చి, ఆ తర్వాత కనీసం ఒక నిమిషం మరగనివ్వాలి. సముద్రమట్టానికి రెండు వేల మీటర్లు పైబడిన చోట మూడు నిమిషాలు. చల్లారిన నీటిని మూత ఉన్న పాత్రలో పోసి, చెయ్యి ముంచకుండా వంచుకుని తాగాలి. మలేరియా దోమ ఎక్కువగా సాయంత్రం నుండి తెల్లవారే లోపు కుడుతుంది కాబట్టి మందు పూసిన దోమతెర అంచులను ప్రతి రాత్రీ పరుపు కిందికి దోపాలి. ఆ పని చివరిసారి ఎవరు సరిచూస్తారన్నది కూడా తేల్చి పెట్టుకోండి; ఇద్దరూ ఎదుటివారు చూసి ఉంటారనుకున్న రాత్రే తెర తెరిచి ఉండిపోతుంది. కుక్క కరిచినా గీరినా ఆ గాయాన్ని వెంటనే సబ్బు, నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకు వెళ్లాలి. చాలామంది మరచిపోయే ప్రమాదం రోడ్డు. ప్రపంచవ్యాప్తంగా ఐదు నుండి ఇరవై తొమ్మిదేళ్ల వయసువారి మరణాలకు రోడ్డు ప్రమాదాలే మొదటి కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చీకటి పడ్డాక ఊళ్ల మధ్య ప్రయాణించకూడదనే నియమాన్ని ప్రార్థన కూడిక కోసం కూడా సడలించకండి.

పిల్లల చదువు గురించి ఎవరి సలహా కూడా అందరికీ సరిపోదు. స్థానిక బడి భాషనూ స్నేహితులనూ ఇస్తుంది. ఇంటి చదువు కుటుంబాన్ని దగ్గరగా ఉంచుతుంది, అయితే తల్లి సమయాన్నంతా తినేస్తుంది. పూర్వం మిషనరీలు పిల్లలను చిన్న వయసులోనే దూరంగా హాస్టలు బడులకు పంపేవారు. కొడైకెనాల్‌లో 1901లో, కెన్యాలోని కిజాబేలో 1906లో అలాంటి బడులు వెలిశాయి. వాటిలో చక్కగా ఎదిగినవారూ ఉన్నారు, అమ్మానాన్నలకు దూరమైన బాధను ముసలితనం దాకా మోసినవారూ ఉన్నారు. పసివాళ్ల విషయంలో నా ఓటు ఎప్పుడూ ఇంటికే. ఏ దారి ఎంచుకున్నా ఏటా మళ్లీ పిల్లలతో కూర్చుని ఆలోచించండి. తల్లిదండ్రుల దేశానికీ, పెరిగిన దేశానికీ పూర్తిగా చెందక రెండింటి మధ్య తమదైన లోకం ఏర్పరచుకునే ఇలాంటి పిల్లలను సామాజిక శాస్త్రవేత్త రూత్ హిల్ యూసీమ్ 1950లలో ‘మూడో సంస్కృతి పిల్లలు’ అన్నారు. వారికి వీడ్కోళ్లు ఎక్కువ, ఏడ్చే అవకాశం తక్కువ. స్నేహితుడు ఊరు వదిలి వెళ్లినందుకు ఏడుస్తున్న బిడ్డతో ‘బయట ఆకలితో ఉన్న పిల్లలను చూడు’ అనకండి. ఆ బిడ్డ బాధ ఆ బిడ్డకు పెద్దదే.

వారంలో ఒక పూట కుటుంబానిదిగా ఉంచండి. ఆ పూట ఫోను, గేటు తట్టినవారు, అత్యవసర సమావేశం ఏదైనా బయటి విశ్వాసి ఒకరు చూసుకునేలా ముందే ఏర్పాటు చేసుకోండి. విపత్తు వచ్చిన వారాల్లో ఆ పూట కుదరకపోవచ్చు. అప్పుడు ‘ఈ రెండు వారాలు కుదరదు, ఫలానా శనివారం నుండి మళ్లీ మనదే’ అని పిల్లలకు తేదీతో సహా చెప్పండి. ఆ శనివారం వచ్చినప్పుడు ఇంట్లో ఉండండి. నాన్న దేవుని పనికోసం వెళ్లాడని ప్రతిసారీ చెబుతూ పోతే, తన తండ్రిని తన నుండి లాక్కుంటున్నది దేవుడేనని ఆ పసి మనసు తీర్మానించుకుంటుంది. ఇంతకంటే భయపడవలసిన సంగతి మిషనరీ ఇంట్లో మరొకటి లేదు.

గుమ్మం దగ్గరికి సహాయం అడుగుతూ వచ్చేవారి విషయంలో కూడా ఒక పద్ధతి ఉండాలి. ఎవరు వచ్చినా కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, పేరు అడిగి మాట్లాడడం మొదటి మర్యాద. ప్రాణాపాయం ఉంటే అప్పటికప్పుడు ఆసుపత్రికి పంపాలి. మిగిలిన అవసరాలన్నీ స్థానిక సంఘంలో నమ్మకస్థులైన ఇద్దరు ముగ్గురితో ఏర్పరచిన కమిటీ ముందు పెట్టాలి. విదేశీయుడి జేబులోంచి నేరుగా డబ్బు రావడం మొదలైతే అడగలేని అతి పేదలు వెనకబడతారు, అడగడం తెలిసినవారు ముందుకొస్తారు.

సహాయ కార్యక్రమం నడపడం

ఆదిమ సంఘానికే పంపిణీలో సమస్య వచ్చింది. అనుదిన పరిచర్యలో గ్రీకు మాట్లాడే యూదుల విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు పుట్టినప్పుడు అపొస్తలులు వెంటనే మంచిపేరు గల ఏడుగురిని ఎన్నుకోమన్నారని అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చెబుతుంది. ఆ ఏడుగురి పేర్లన్నీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన వర్గానికి దగ్గరివారికే బాధ్యత అప్పగించినట్టు కనిపిస్తుంది. ఈనాటికీ ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

మొదట అడిగి తెలుసుకోండి, తర్వాత తెప్పించండి. ఊరి పెద్దలు చెప్పింది విన్నాక ఆడవారిని విడిగా, వికలాంగులను వారి ఇళ్ల దగ్గర, వేరే మతం లేదా వేరే తెగవారిని వారి పేటలోనే కలిసి మళ్లీ అదే ప్రశ్న అడగండి. జవాబులు ఒకేలా ఉండవు. అలాగే ఆ ప్రాంతంలో పనిచేసే సంస్థల సమన్వయ సమావేశాలకు తప్పక వెళ్లండి. 2005 నుండి ఐక్యరాజ్యసమితి పెద్ద విపత్తుల్లో నీరు, ఆరోగ్యం, ఆశ్రయం వంటి రంగాలకు విడివిడి బృందాలను ఏర్పాటు చేస్తోంది. వాటికి దూరంగా ఉండి పనిచేస్తే, రోడ్డు పక్క ఊరికి నాలుగుసార్లు దుప్పట్లు అందుతాయి, కొండ అవతలి ఊరికి ఒక్కసారి కూడా అందవు.

ఎంత ఇవ్వాలన్నదానికి విపత్తు సహాయానికి కనీస కొలతలు చెప్పే, సహాయ సంస్థలు కలిసి 1997లో మొదలుపెట్టిన స్ఫియర్ ప్రమాణాలు మంచి ఆధారం. తాగడానికీ వాడుకకూ కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, 250 మందికి ఒక కుళాయి, ఇంటికీ నీళ్ల చోటుకూ మధ్య 500 మీటర్లకు మించని దూరం, వంట చోటు కాక మనిషికి 3.5 చదరపు మీటర్ల నీడ, పూర్తిగా సహాయం మీదే బతుకుతున్నవారికి రోజుకు 2,100 కిలోకేలరీల ఆహారం అవసరమని అవి చెబుతాయి. మరుగుదొడ్లు 20 మందికి ఒకటి చొప్పున ఉండాలి. మొదటి రోజుల్లో అందరికీ కలిపి కట్టేవైతే 50 మందికి ఒకటి. ఆడవారి మరుగుదొడ్లకు లోపలి గడియ, దారిలో దీపం లేకపోతే ఆ లెక్కకు అర్థం లేదు. మీ దగ్గరున్న డబ్బు వెయ్యి కుటుంబాలకు సగం సగం సరిపోతుందా, మూడు వందల కుటుంబాలకు నిండుగా సరిపోతుందా అన్నది ఈ లెక్కలతో తేలుతుంది. రెండోదానినే ఎంచుకుని, మిగిలిన ఏడు వందల కుటుంబాల జాబితాను వేరే సంస్థ చేతిలో పెట్టడం చాలాసార్లు మంచిది.

పంపిణీ రోజు ఎలా ఉండాలో కొంచెం వివరంగా చెబుతాను. ముందురోజే జాబితాను అందరికీ కనిపించేచోట అతికించి, చదవలేనివారికి చదివి వినిపించాలి. మైదానంలో తాళ్లు కట్టి లోపలికి ఒక దారి, బయటికి మరో దారి పెట్టాలి. వేచి ఉండేవారి మీద ఎండ పడకుండా పందిరి, పక్కనే తాగునీరు ఉండాలి. గర్భిణులు, పసిపిల్లల తల్లులు, వృద్ధులు, వికలాంగులు విడి వరుసలో ముందుగా వెళ్లాలి. ద్వారం దగ్గర ఒక మూటను విప్పి బల్ల మీద పరచి, ఒక్కొక్కరికి ఏది ఎంత వస్తుందో బొమ్మలతో రాసి పెట్టాలి. అప్పుడు సంచిలో ఒక వస్తువు తగ్గినా తీసుకున్న మనిషే గుర్తుపడుతుంది, అడుగుతుంది. బయటికి వెళ్లే దారిలో ఫిర్యాదుల బల్ల ఉండాలి, అక్కడ పంపిణీ చేసినవారు కాకుండా వేరేవారు కూర్చోవాలి. సాయంత్రంలోపు ఇళ్లకు చేరేలా కార్యక్రమాన్ని ముగించాలి, లేకపోతే చీకట్లో సంచులు మోసుకెళ్లే ఆడవారు దోపిడీకి గురవుతారు. సరుకు అయిపోతే ‘రేపు రండి’ అని నోటికొచ్చినట్టు అనకండి. ఎప్పుడు వస్తుందో రూఢిగా తెలిస్తేనే తేదీ చెప్పండి, తెలియకపోతే తెలియదనే చెప్పండి. సంతలు నడుస్తున్న చోటైతే సరుకులకు బదులు నగదు ఇవ్వడం చాలామటుకు మేలు. ఎవరికి ఏది కావాలో వారే కొనుక్కుంటారు, స్థానిక వ్యాపారి కూడా నిలదొక్కుకుంటాడు.

మంచి మనసుతో ఇచ్చినవే కీడు చేసే సందర్భాలు ఉన్నాయి. పాలపొడి డబ్బాలు వాటిలో మొదటివి. శుభ్రమైన నీరు, వేడినీళ్లకు వంటచెరకు లేని శిబిరంలో సీసాపాలు తాగిన పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి, ఈలోగా తల్లికి పాలు తగ్గిపోతాయి. తల్లికి తిండి, విశ్రాంతి, మరుగు కల్పించి పాలిచ్చేలా చూడడమే అసలైన సహాయం. పేరు, గడువు తేదీ స్థానిక భాషలో లేని మందులను తీసుకోకండి. 2004 సునామీ తర్వాత ఇండోనేషియాలోని ఆచేకు అడగకుండా వచ్చిపడిన మందులను పారవేయడమే పెద్ద పనైంది.

శిక్షణ లేనివారు కూడా ప్రాణం కాపాడగలిగిన చోటు విరేచనాలు. ఓఆర్‌ఎస్ పొట్లం దొరకకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్లు చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి, కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం కాబట్టి కొలత తల్లుల చేత చేయించి చూడాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 10 నుండి 14 రోజులు ఇవ్వాలి, అంతకంటే చిన్నవారికి అందులో సగం. ఆరు నెలల నుండి ఐదేళ్ల లోపు పిల్లల దండచెయ్యి (భుజానికీ మోచేతికీ మధ్య భాగం) చుట్టుకొలత 115 మిల్లీమీటర్లకు తగ్గితే అది తీవ్రమైన పోషకాహార లోపం. ఆ బిడ్డను అన్నదాన శిబిరానికి కాక వైద్య కేంద్రానికి పంపాలి.

తప్పిపోయిన పిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. 2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత కొందరు అమెరికన్ మిషనరీలు 33 మంది పిల్లలను అనాథలుగా భావించి, తగిన అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటించబోయి అరెస్టయ్యారు. ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారని తర్వాత తేలింది. విపత్తులో ఒంటరిగా దొరికిన బిడ్డను మొదట నమోదు చేయించి, బంధువుల కోసం వెతికించి, అప్పటిదాకా తెలిసిన ఊళ్లోనే ఉంచాలి. అనాథాశ్రమం కట్టాలన్న ఆలోచన వస్తే, అదే డబ్బుతో ఎన్ని మేనత్తలు, అమ్మమ్మల ఇళ్లు ఆ పిల్లలను పెంచగలవో ముందు లెక్క వేయండి.

సువార్తకూ సహాయానికీ మధ్య

మన విశ్వాసాన్ని దాచుకోనవసరం లేదు, అయితే సహాయాన్ని దానికి ముడిపెట్టకూడదు. 1994లో రెడ్‌క్రాస్, రెడ్‌క్రెసెంట్ ఉద్యమమూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి రూపొందించిన ప్రవర్తనా నియమావళి, సహాయాన్ని ఏ రాజకీయ, మత దృక్పథాన్నీ ముందుకు నెట్టడానికి వాడకూడదంటుంది. దానిని తయారు చేసినవాటిలో కారిటాస్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ వంటి క్రైస్తవ సంస్థలు కూడా ఉన్నాయి. అంతకు శతాబ్దం ముందే మిషనరీ చరిత్రలో దీనికి ఒక ఉదాహరణ ఉంది. 1876-78 కరువులో, ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని తీసుకుని వేలమందికి కూలి కల్పించారు. తిండి కోసం వచ్చేవారెవరో, నమ్మి వచ్చేవారెవరో తెలియని ఆ కాలంలో బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపారు. కరువు సహాయం ముగిసిన తర్వాతే, 1878 జూలై 3న, ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆచరణలో దీని అర్థం ఏమిటంటే, వరుసలో నిలబడినవారికి ప్రసంగం వినిపించకండి, సంచిలో కరపత్రం పెట్టకండి, జాబితాలో మతం గడి ఉంచకండి. ఆరాధనకు వేరే రోజు, వేరే స్థలం చూడండి. మీరెందుకు వచ్చారని ఎవరైనా అడిగితే అప్పుడు నిర్భయంగా, నిండుగా చెప్పండి. ఏడుస్తున్నవారి దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో విడుదల చేసిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శకం చెప్పినట్టే చూడడం, వినడం, తగిన సహాయానికి కలపడం చాలు. వారి పాపం వల్లే ఇది జరిగిందనో, దేవుడు పాఠం నేర్పుతున్నాడనో చెప్పడం యోబు స్నేహితులు చేసిన పని.

డబ్బు, ఫోటోలు, నివేదికలు

యెరూషలేము పేదల కోసం పోగైన కానుకను పౌలు ఒంటరిగా మోసుకెళ్లలేదు, సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంటబెట్టుకున్నాడు. ప్రతి చెల్లింపుకూ రెండు సంతకాలు ఉండాలి, మీతో పాటు చేసే రెండో సంతకం మీ భార్యదో భర్తదో కాకూడదు. ఇంటి ఖర్చుల ఖాతా, సహాయనిధి ఖాతా వేరువేరుగా ఉండాలి. నెలాఖరులో ఒకదాని నుండి మరోదానికి చేబదులు కూడా వద్దు. దుప్పట్లకని వచ్చిన డబ్బు దుప్పట్లకే పోవాలి, అవసరం మారితే ఇచ్చినవారి అనుమతి రాతలో తీసుకోవాలి. ఫోటోకు ముందే అనుమతి అడగండి, అదీ సరుకు చేతికి అందకముందు కాదు, అందిన తర్వాత, లేకపోతే కాదనే ధైర్యం వారికి ఉండదు. ఒంటిమీద బట్టలేని బిడ్డ, రోగి ముఖం, ఊరి పేరుతో పాటు పిల్లల పేరు నివేదికలో కనిపించకూడదు. మీ సొంత బిడ్డ ఫోటోను అదే పరిస్థితిలో పంపుతారా అని ఆలోచిస్తే చాలు.

అలసట గురించి సంఘానికి నిజం రాయండి. నిద్ర పట్టకపోవడం, సహాయం కోసం వచ్చినవారి మీదే విసుగు రావడం, ప్రార్థించాలనిపించకపోవడం, ఇంట్లో గొంతు పెరగడం కనిపిస్తే సెలవు తీసుకోవలసిన సమయం వచ్చిందని అర్థం. ఏటా ఆ ప్రాంతం వదిలి వెళ్లే విశ్రాంతి రోజులను, బయటి సలహాదారుతో ఇద్దరూ మాట్లాడే ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే రాసుకోండి.

అప్పగించి రావడం

మీరు లేకపోయినా పని సాగేలా రెండో ఏడాది నుండే స్థానికులకు నిర్ణయాధికారం ఇస్తూ రండి. జీతాలు, వాహనం, గోదాము తాళాలు, బ్యాంకు సంతకం ఎవరికి ఎప్పుడు చేరాలో తేదీలతో రాసుకోండి. ఊరివారికి ఆ సంగతి కనీసం ఆరు నెలల ముందు తెలియాలి.

పిల్లలకు కూడా వీడ్కోలుకు సమయం ఇవ్వాలి. గొడవపడినవారితో రాజీ పడడం, మేలు చేసినవారికి వెళ్లి కృతజ్ఞత చెప్పడం, ఇష్టమైన చోట్లకు చివరిసారి వెళ్లి రావడం, వెళ్లబోయే ఇల్లు, బడి ఎలా ఉంటాయో ముందుగా తెలుసుకోవడం, వీటన్నిటికీ కొన్ని వారాలు పడుతుంది. తిరిగి వచ్చాక సంఘాల్లో ప్రసంగాలకు పిలుపులు వస్తాయి; మొదటి రెండు నెలలు పిల్లలను వేదిక ఎక్కించకండి. కుటుంబమంతా వైద్య పరీక్షలు చేయించుకోండి, నివారణ మందును చెప్పినన్ని రోజులు పూర్తిగా వాడండి. ఆ తర్వాత ఏడాది లోపు ఎవరికి జ్వరం వచ్చినా మలేరియా ఉన్న దేశం నుండి వచ్చామని వైద్యుడికి మొదటి మాటగా చెప్పి, ఆ రోజే రక్తపరీక్ష అడగండి.